ట్రాక్టరు బ్యాటరీతో ఇంటికి కరెంటు: ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ప్రమాదం

గాలిదుమారం లేకుండా వైశాఖం వెళ్ళిపోయిందంటే ఆ ఏడు నూజివీడు ప్రాంత మామిడి రైతు అదృష్టవంతుడి కిందే లెక్క. సాయంత్రం మబ్బు పట్టడం, అరగంట గాలి, పావుగంట వాన. తేరుకునేసరికి చెట్టు కింద కాయ, రోడ్డుకు అడ్డంగా కరెంటు స్తంభం. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం మండలాల్లో ఏ తోట రైతును కదిపినా ఇదే మాట. రాలిన కాయ గురించి పేపర్లో వస్తుంది, అధికారులూ అడుగుతారు. చీకట్లో ఉండిపోయిన ఇంటి గురించి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ఊరి లైను బాగవడానికి ఒక పూట చాలు. తోటలో ఉన్న నాలుగిళ్ళకు వచ్చే లైను బాగవ్వాలంటే రెండు మూడు రోజులు పట్టడం మామూలే. పెద్ద తుపాను అయితే చెప్పనక్కర లేదు. 1990 మేలో కృష్ణా జిల్లా తీరాన్ని దాటిన తుపాను సరిగ్గా మామిడి కాయ చెట్టు మీద ఉన్నప్పుడే వచ్చింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ వంటి మహానగరమే రోజుల తరబడి చీకట్లో ఉంది. 2023 డిసెంబరులో మిచాంగ్, 2025 అక్టోబరు చివర మొంథా. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో మన పక్కనే బుడమేరు పొంగి విజయవాడ సగం మునిగిన సంగతి అందరికీ గుర్తుంది. ఇప్పుడు కరెంటు లేకపోతే దీపం ఒక్కటే కాదు పోయేది. బోరు తిరగదు కాబట్టి తాగే నీళ్ళు ఉండవు. సెల్‌ఫోను ఆగితే కాయ కొనే షావుకారుతో మాటే ఉండదు. ఇంట్లో చక్కెర జబ్బు మనిషి ఉంటే ఇన్సులిన్ పాడవుతుంది. తోటలో ఇల్లు, చీకటి, వాన పడ్డ రాత్రి అంటే పాముల భయం సరేసరి.

ఈ మధ్య విద్యుత్ ట్రాక్టర్ల గురించి వింటున్న రైతులు ఒక ప్రశ్న అడుగుతున్నారు. అంత పెద్ద బ్యాటరీ వాకిట్లో ఉన్నప్పుడు ఇంటికి కరెంటు రాదా అని. వస్తుంది. అయితే ఎంత వస్తుంది, ఎలా తీసుకోవాలి, డీజిల్ ట్రాక్టరు ఉన్నవాళ్ళు, అసలు ట్రాక్టరే లేనివాళ్ళు ఏం చేసుకోవచ్చు అన్నవి విడివిడిగా చూడాల్సిన సంగతులు.

విద్యుత్ ట్రాక్టరులో ఉన్న సరుకు

మన దేశంలో రైతులకు అమ్మకానికి వచ్చిన విద్యుత్ ట్రాక్టర్లలో సోనాలికా టైగర్ ఎలక్ట్రిక్ ఒకటి. 2020 డిసెంబరులో విడుదలైంది. అప్పట్లో ప్రారంభ ధర 5.99 లక్షలు అని ప్రకటించారు. మోటారు 11 కిలోవాట్లు, బ్యాటరీ 25.5. ఇంట్లో మామూలు ప్లగ్గుకు పెడితే పది గంటల్లో నిండుతుందని కంపెనీ చెప్పింది. హైదరాబాద్‌లో సెలెస్టియల్ అనే కంపెనీ కూడా చిన్న విద్యుత్ ట్రాక్టరు తయారు చేసింది.

మన విషయానికి బాగా దగ్గరగా వచ్చేది మాత్రం దుర్గాపూర్‌లోని కేంద్ర ప్రభుత్వ మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ తయారు చేసిన ప్రైమా ఈటీ 11. 2023 ఆగస్టులో దీన్ని ప్రకటించారు. చిన్న, సన్నకారు రైతుల కోసం, ఆడవాళ్ళు కూడా తేలిగ్గా నడిపేలా దీన్ని తయారు చేశామని చెప్పారు. ఇంటి ప్లగ్గుతో ఏడెనిమిది గంటల్లో చార్జి అవుతుంది, పొలంలో నాలుగు గంటలకు పైగా, తోలకానికైతే ఆరు గంటలకు పైగా నడుస్తుంది. దీనికి ఒక ప్రత్యేక ప్లగ్గు పెట్టారు. ట్రాక్టరు ఖాళీగా ఉన్నప్పుడు బ్యాటరీలోని కరెంటును పంపు వంటి వేరే పనులకు వాడుకోవడానికి అది. ఇంగ్లీషులో దీన్ని వీ టూ ఎల్ అంటారు. బండి నుంచి బయటి సామానుకు కరెంటు ఇవ్వడం అని అర్థం.

ఇది గాలిలో మాట కాదు. జపాన్‌లో 2011 భూకంపం, సునామీ తర్వాత కరెంటు లేక జనం నానా యాతన పడ్డారు. మరుసటి ఏడాదే నిస్సాన్ కంపెనీ తన విద్యుత్ కారు నుంచి ఇంటికి కరెంటు ఇచ్చే పరికరం అమ్మకానికి పెట్టింది. 2019లో తుపానుకు చిబా ప్రాంతంలో లైన్లు కూలినప్పుడు విద్యుత్ కార్లను పంపి ఫోన్లు, ఫ్యాన్లు నడిపించారు. కారుతో అయిన పని ట్రాక్టరుతో కాకపోదు.

కానీ ఒక మాట. ఈ బయటి ప్లగ్గు అన్ని విద్యుత్ ట్రాక్టర్లకూ ఉండదు. కొనే ముందు డీలరును రెండే ప్రశ్నలు అడగండి. బయటికి కరెంటు ఇచ్చే ప్లగ్గు ఉందా? ఉంటే ఎన్ని వాట్ల దాకా లాగవచ్చు? ఉంది అని నోటితో చెబితే సరిపోదు, పుస్తకంలో చూపించమనండి.

ఇంటి లెక్క

కరెంటు బిల్లులో యూనిట్ అంటామే, బ్యాటరీకీ అదే కొలత. 25.5 అంటే బ్యాటరీ నిండుగా ఉంటే 25.5 యూనిట్లు ఉన్నట్టు. బ్యాటరీని పూర్తిగా ఊడ్చెయ్యకూడదు, అయిదో వంతు అడుగున వదిలెయ్యాలి. అంటే చేతికి వచ్చేది 20 యూనిట్లు. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు వేడి రూపంలో కొంత తినేస్తుంది, నూటికి పది నుంచి పదిహేను దాకా. నికరంగా 17 యూనిట్లు మిగులుతాయనుకోవచ్చు.

ఇప్పుడు ఇల్లు చూద్దాం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, ఆరు గంటలు వెలిగితే పావు యూనిట్ కూడా కాదు. పాత రకం సీలింగు ఫ్యాన్ 75 వాట్లు. రెండు ఫ్యాన్లు రాత్రంతా, పది గంటలు తిరిగితే ఒకటిన్నర యూనిట్. దీపాల కంటే ఫ్యాన్లకే ఎక్కువ పోతుందన్నది చాలామంది గమనించరు. కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది, రెండింటికి కలిపి రాత్రికి 0.6 యూనిట్ చాలు. ఫోన్లు నాలుగైదు చార్జి చేసినా లెక్కలోకి రాదు. రెండు గంటలు టీవీ చూస్తే 0.1. ఫ్రిజ్ పాతదైతే రోజుకు ఒక యూనిట్ దాకా. ట్యాంకుకు నీళ్ళెక్కించే అర హెచ్‌పీ మోటారు అరగంట వేస్తే పావు యూనిట్. అన్నీ కలిపితే పాత ఫ్యాన్లతో రోజుకు మూడు యూనిట్ల పైచిలుకు. 17 యూనిట్లు అయిదు రోజులు వస్తాయి. ఫ్రిజ్ మానుకుని, ఒక్క ఫ్యానుతో సరిపెట్టుకుంటే పది రోజులైనా లాగవచ్చు.

ఇక పొలం బోరు సంగతి. అయిదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు మూడు ఫేజుల మీద నడిచేది. ట్రాక్టరు ప్లగ్గు నుంచి వచ్చేది ఇంటి కరెంటులాగా ఒకే ఫేజు. కాబట్టి దాని జోలికి పోవద్దు. ఇంటి బోరుకు ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు ఉంటే అది తిరిగేటప్పుడు తీసుకునేది వెయ్యి వాట్లే అయినా, స్విచ్చి వేసిన క్షణంలో దానికి మూడు నాలుగు రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ లాగుతుంది. ప్లగ్గు 3,000 వాట్లకు మించి ఇవ్వనిదైతే మోటారు మూలుగుతుందేగాని తిరగదు. అలా మూలుగుతున్న మోటారును పది సెకన్లు కూడా ఉంచకూడదు, వైండింగు కాలిపోతుంది. తుపాను హెచ్చరిక రాగానే ముందే ట్యాంకులు, గాబులు, బిందెలు నింపుకోవడం దీనికంటే చవకైన పని.

కాయ తోలాలా, ఇల్లు నడపాలా?

లెక్క ఇక్కడిదాకా బాగానే ఉంది. అసలు చిక్కు తెల్లవారాక వస్తుంది. గాలికి రాలిన కాయ రోజు గడిస్తే పనికిరాదు. దెబ్బ తగిలిన చోట నల్లబడుతుంది, పచ్చడి వాళ్ళు కూడా వద్దంటారు. ఆ ఉదయమే ఏరించి, ఈదర మార్కెట్టుకో నున్నకో పట్టుకుపోతే కూలి డబ్బులన్నా చేతికొస్తాయి. దానికి ట్రాక్టరు కావాలి. రాత్రంతా ఇంటికి వాడేసిన విద్యుత్ ట్రాక్టరు పొద్దున్నే కదలదు, మళ్ళీ చార్జి చేద్దామంటే లైనులో కరెంటు ఉండదు. డీజిల్ బండికైతే క్యానులో డీజిల్ తెచ్చి పోస్తాం. దీనికి అలా కుదరదు.

అందుకని కాయ సీజను మొదట్లోనే ఒక పని చెయ్యండి. మామూలు రోజున తోట నుంచి మార్కెట్టుకు లోడుతో వెళ్ళి ఖాళీగా తిరిగి వస్తే బ్యాటరీ ఎంత శాతం తగ్గిందో చూసి డ్యాష్‌బోర్డు పక్కనే పెయింటుతో రాసుకోండి. ముప్పై శాతం తగ్గిందనుకుందాం. అడుగున వదలాల్సింది ఇరవై. ఈ యాభై ట్రాక్టరుది, ముట్టుకోకూడదు. పైన ఉన్న సగమే ఇంటిది. 25.5లో సగం, ఇన్వర్టరు తరుగు పోను పదకొండు యూనిట్ల లోపు. రోజుకు మూడు చొప్పున మూడున్నర రోజులు. మన దగ్గర గాలిదుమారానికి పోయిన కరెంటుకు ఇది చాలు. ఇంట్లో వాళ్ళకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచాలి. మీరు పొలంలో ఉండగా పిల్లలు టీవీ కోసం ఆ యాభై కూడా తాగేస్తే మరునాడు తిట్టి ప్రయోజనం లేదు.

వాతావరణ శాఖ హెచ్చరిక ఇచ్చిన రోజున ట్రాక్టరును నిండా చార్జి చేసి పెట్టుకోవాలి. సగం ఉంది కదా, రేపు పెడదాంలే అనుకుంటే ఆ రేపు కరెంటు ఉండదు.

ఏడాదికి నాలుగైదు సార్లు ఇలా వాడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుందేమోనన్న భయం అక్కర్లేదు. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీలు రెండు వేల సార్లకు పైగా నింపి వాడుకోవచ్చు. ఎండకు మాడడం, రోజుల తరబడి పూర్తి ఖాళీగా వదిలెయ్యడం, ఈ రెండూ దానికి శత్రువులు.

డీజిల్ ట్రాక్టరు ఉన్నవారికి

విద్యుత్ ట్రాక్టరు కొన్నవాళ్ళు మన ప్రాంతంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. ఇంటి కరెంటు కోసమని అది కొనమని ఎవరికీ చెప్పలేం. ఇరవై, పాతిక వేలలో ఇన్వర్టరు, ట్యూబులర్ బ్యాటరీ వస్తుంటే లక్షలు పెట్టడం తెలివైన పని కాదు. చెట్ల సందుల్లో దుక్కికి, మందు కొట్టడానికి, తోలకానికి పనికొస్తుందనుకుంటే కొనాలి. ఇంటికి కరెంటు అనేది కొసరు మాత్రమే.

డీజిల్ ట్రాక్టరులోనూ ఒక బ్యాటరీ ఉంది కదా. 12 వోల్టులు, 75 నుంచి 100 ఆంపియర్ అవర్ల దాకా ఉంటుంది. 1980ల చివర్లో, దూరదర్శన్‌లో రామాయణం, మహాభారతం వచ్చే ఆదివారాల్లో కరెంటు పోతే ట్రాక్టరు బ్యాటరీ ఊడదీసి తెచ్చి పోర్టబుల్ టీవీకి తగిలించి ఊరంతా చూసిన రోజులు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. కాబట్టి ఇది కొత్త విద్యేమీ కాదు.

దీని లెక్క వేరు. 88 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 12తో గుణిస్తే 1,056, అంటే ఒక్క యూనిటే. అందులో మనం వాడుకోదగ్గది మూడో వంతు కూడా ఉండదు. ఎందుకంటే ఇది స్టార్టింగు బ్యాటరీ. ఒక్కసారిగా బలంగా కరెంటు ఇచ్చి ఇంజను తిప్పడానికి పలచటి పలకలతో చేసింది. నెమ్మదిగా, లోతుగా ఖాళీ చేస్తే పలకలు పాడై ఒక సీజను తిరక్కుండానే పోతుంది. ఇన్వర్టరు బ్యాటరీల్లో మందపాటి పలకలు ఉంటాయి, అవి దానికోసమే చేసినవి. అయినా అవసరానికి 300 వాట్ అవర్లు వాడుకుంటే, ఇన్వర్టరు తరుగు పోను 250 చిల్లర మిగులుతుంది. నాలుగు 9 వాట్ల బల్బులు ఏడు గంటలు వెలుగుతాయి. లేదా రెండు బల్బులు, ఒక బీఎల్‌డీసీ ఫ్యాను అయిదు గంటలు. ఫ్రిజ్, మిక్సీ, మోటారు మాట ఎత్తకూడదు.

ఎక్కడ ఆపాలో తెలియడానికి చిన్న డిజిటల్ వోల్టుమీటరు కొని తగిలించుకోండి. బల్బులు ఆపి కాసేపాగి చూస్తే, నిండుగా ఉన్న బ్యాటరీ 12.6, 12.7 చూపిస్తుంది. 12.2 దగ్గరకు వచ్చిందంటే సగం అయిపోయింది. అక్కడిదాకా రానివ్వకుండా, 12.4 దగ్గరే ఆపేస్తే పొద్దున్నే ట్రాక్టరు స్టార్టవుతుంది. మూతలు తీసి గ్రావిటీ చూసే అలవాటున్నవారికి 1,260 నిండుకు, 1,200 దరిదాపులు సగానికి గుర్తు.

తగ్గిపోతే ఇంజను వేసి చార్జి చేసుకుందాం అంటారు కొందరు. ఇంజను ఖాళీగా గంట తిరిగితే లీటరుకు అటూ ఇటూ డీజిల్ తాగుతుంది. ఆల్టర్నేటరు ఆ గంటలో ఇచ్చేది అర యూనిట్ లోపే. లీటరు డీజిల్ వంద రూపాయలకు దగ్గరలో ఉండగా యూనిట్ రెండు వందలు దాటుతుంది. ఎలాగూ కాయ తోలడానికి వెళ్ళినప్పుడు అదే నిండుతుంది కాబట్టి పనిగట్టుకుని ఇంజను తిప్పడం దండగ. తప్పనిసరై తిప్పినా ఆరుబయటే తిప్పాలి. వాన పడుతోందని పంచలోనో, రేకుల షెడ్డులోనో పెట్టి తలుపులు మూసి ఇంజను వేస్తే పొగలో ఉండే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే మనుషులు పోతారు. చిన్న జనరేటర్లకూ ఇదే వర్తిస్తుంది.

12 వోల్టుల ఇన్వర్టరు కొనేవారు వైరు దగ్గర పీనాసితనం చెయ్యకూడదు. 600 వాట్ల లోడు వేస్తే బ్యాటరీ నుంచి వచ్చే వైరులో 50, 60 ఆంపియర్లు పారుతుంది. ఇంట్లో బల్బుకు వాడే వైరు పెడితే నిమిషాల్లో వేడెక్కి తొడుగు కాలుతుంది. దగ్గరగా, మందపాటి వైరుతో, బ్యాటరీ ప్లస్సు దగ్గరే ఫ్యూజుతో కలపాలి. బ్యాటరీని పడక గదిలో పెట్టకండి. చార్జి అయ్యేటప్పుడు వచ్చే గాలి మంటకు భగ్గుమంటుంది. బీడీ కాల్చేవాళ్ళు దూరంగా ఉండాలి.

ట్రాక్టరే లేనివారికి

రెండెకరాల తోట ఉన్న రైతుకు ట్రాక్టరు బాడుగకు తెచ్చుకునేదే. అయినా బ్యాటరీ స్ప్రేయరు లేని ఇల్లు ఇప్పుడు తక్కువ. వీపున తగిలించుకునే ఆ డబ్బాలో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, 8 లేదా 12 ఆంపియర్ అవర్లు. దీనికి ఇన్వర్టరు అక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపుల్లో 12 వోల్టుల డీసీ ఎల్‌ఈడీ బల్బులు దొరుకుతాయి. 5 వాట్ల బల్బు ఒకటి నేరుగా తగిలిస్తే 8 ఆంపియర్ల బ్యాటరీ మీద పది గంటలు వెలుగుతుంది, బ్యాటరీ మరీ అడుగంటదు కూడా. కార్లలో ఫోను చార్జింగుకు పెట్టే యూఎస్‌బీ అడాప్టరు దానికే కలిపితే ఫోను కూడా నిండుతుంది. ప్లస్సు, మైనస్సు తారుమారు కాకుండా చూసుకోవాలి, చిన్న ఫ్యూజు పెట్టుకోవాలి. మందు డబ్బా కాబట్టి బ్యాటరీ బయటికి తీశాక సబ్బుతో చేతులు కడుక్కోవడం మరువకండి. పిల్లలున్న గదిలోకి డబ్బాతో సహా తేవద్దు. తోటలో కాపలా గుడిసెకు కూడా ఈ ఏర్పాటు బాగా పనికొస్తుంది.

లైన్‌మన్ ప్రాణం మీ స్విచ్చి మీద ఉంది

ఈ వ్యాసం మొత్తంలో ఒక్క ముక్కే చదివేవారు ఈ ముక్క చదవాలి.

కరెంటు పోయినప్పుడు ట్రాక్టరు నుంచో, జనరేటరు నుంచో వచ్చే వైరును ఇంట్లో ఏదో ఒక ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించేవాళ్ళున్నారు. రెండు వైపులా పిన్నులున్న వైరు ఒకటి తయారు చేసి పెట్టుకుంటారు. అది చేసేది ఇంతే. మీ ఇంట్లోకి వచ్చిన కరెంటు మీటరు గుండా వెనక్కి స్తంభం మీదికి పోతుంది. స్తంభం నుంచి ట్రాన్స్‌ఫార్మరుకు పోతుంది. ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టులను మన ఇంటి వోల్టులకు తగ్గించినట్టే, వెనక నుంచి ఇస్తే మన వోల్టులను 11,000 లైనులో వేల వోల్టులకు పెంచేస్తుంది. లైను చచ్చింది కదా అని సబ్‌స్టేషనులో ఆఫ్ చేయించుకుని స్తంభమెక్కి తెగిన తీగ కలుపుతున్న లైన్‌మన్‌కు ఆ సంగతి తెలియదు. నేల మీద పడ్డ తీగను దాటే గేదెకూ, కాలు పెట్టే పిల్లాడికీ తెలియదు.

మెయిను ఆపేసి ఇస్తున్నాం, పరవాలేదు అంటారు. చీకట్లో, కంగారులో, ఇంట్లో ఇంకొకరు మెయిను పైకి అన్న రోజున ఏమవుతుంది? పైగా ఆ వైరు ఒక చివర ఊడి వస్తే పిన్నుల్లోనే కరెంటు ఉంటుంది. ముట్టుకున్నవారు ముట్టుకున్నట్టే పోతారు.

దీనికి సరైన మార్గం చేంజోవరు స్విచ్చి. ఒక వైపు తిప్పితే లైను కరెంటు, ఇంకో వైపు తిప్పితే మన బ్యాటరీ కరెంటు. రెండూ కలిసే అవకాశమే ఉండదు. ఫేజు, న్యూట్రలు రెండింటినీ మార్చే రెండు పోళ్ళ స్విచ్చి తీసుకోవాలి. మీటరుకూ ఇంటి బోర్డుకూ మధ్య లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను చేత పెట్టించాలి. ఇది పెట్టించే స్తోమత లేకపోతే ఇంటి వైరింగు ముట్టుకోకండి. ట్రాక్టరు ప్లగ్గు నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి లోపలికి లాగి, బల్బు, టేబులు ఫ్యాను, ఫోను దానికే పెట్టుకోండి. చూడ్డానికి అందంగా ఉండదు, కానీ ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు.

బ్యాటరీ పెట్టె విప్పొద్దు

విద్యుత్ ట్రాక్టరుకు బయటి ప్లగ్గు లేకపోతే బ్యాటరీ పెట్టె విప్పి వైరు తీద్దామని చెప్పే మెకానిక్కులు తయారవుతారు. వాళ్ళ మాట వినకండి. ఈ బ్యాటరీలు 48, 72 వోల్టులు, కొన్నింటిలో అంతకు మించి ఉంటాయి. డీసీ కరెంటు నిప్పురవ్వ పడితే ఏసీలాగా ఆరదు, అలా మండుతూనే ఉంటుంది. స్పానరు జారి రెండు కొసలకు తగిలితే ఇనుము కరిగిపోతుంది. మధ్యలో కొన్ని సెల్లుల నుంచి 12 వోల్టులు లాగడం అన్నిటికంటే చెడ్డది. ఆ కొన్ని సెల్లులే ఖాళీ అవుతాయి, చార్జి పెట్టినప్పుడు మిగతావి పొంగుతాయి, దాన్ని కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు లెక్క తప్పుతుంది. వారంటీ పోవడం చిన్న నష్టం, షెడ్డు తగలబడడం పెద్ద నష్టం.

ఇంకొకటి. ఇంటి మీద సోలారు పెట్టుకున్నాం, కరెంటు పోతే దానితో ట్రాక్టరు చార్జి చేసుకుంటాం అనుకుంటున్నారు కొందరు. పీఎం సూర్యఘర్ పథకం 2024లో వచ్చాక పెట్టుకున్న పలకల్లో చాలావరకు లైనుకు కలిపినవే. లైనులో కరెంటు పోగానే అవి కూడా వాటంతట అవే ఆగిపోతాయి. లైన్‌మన్ కోసమే అలా చేశారు. బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు ఉంటేనే ఎండలో పలకలు ఉపయోగపడతాయి. సోలారు పెట్టించేవారు ముందే అడిగి తెలుసుకోండి.

చార్జింగు ఎక్కడ పెట్టాలన్న దానిలోనూ జాగ్రత్త కావాలి. పొలం బోరు దగ్గర ఉచిత కరెంటు ఉంది కదా అని ట్రాక్టరు అక్కడ పెట్టకండి. వ్యవసాయ సర్వీసు పంపుసెట్టుకే ఇచ్చింది. ఇచ్చిన పనికి కాకుండా వేరే దానికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద అనధికార వాడకం అవుతుంది, జరిమానా లెక్కకట్టి వేస్తారు. ఇంటి సర్వీసు మీద, 16 ఆంపియర్ల ప్లగ్గుకు, సరైన ఎర్తింగుతో పెట్టుకోవాలి. 25 యూనిట్లు నింపితే బిల్లు శ్లాబు మారుతుందేమో కూడా చూసుకోవాలి. మీ ఇంటికి ఇచ్చిన లోడు ఒక కిలోవాటే అయితే, మూడు కిలోవాట్లు లాగే చార్జరు పెట్టే ముందు కరెంటు ఆఫీసులో అదనపు లోడుకు దరఖాస్తు చేసుకోండి.

ఫ్రిజ్ ఉన్నవారు కరెంటు లేనప్పుడు దాన్ని రోజంతా నడపక్కర్లేదు. పొద్దున రెండు గంటలు, రాత్రి రెండు గంటలు నడిపి, మధ్యలో తలుపు తియ్యకుండా ఉంటే సరిపోతుంది. ఖాళీ ఉన్న చోట నీళ్ళ సీసాలు పెడితే చల్లదనం నిలుస్తుంది. ఫ్రిజ్‌కు, మోటారుకు సైన్ వేవ్ ఇన్వర్టరే వాడాలి, చవకరకం స్క్వేర్ వేవ్ వాటి మీద గురగురమంటూ వేడెక్కుతాయి. వాడకంలో ఉన్న ఇన్సులిన్ సీసాను తడిగుడ్డ చుట్టిన కుండలో, నీళ్ళు తగలకుండా చిన్న డబ్బాలో పెట్టుకోవచ్చు. ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న మనిషి ఇంట్లో ఉంటే మాత్రం బ్యాటరీని నమ్ముకుని కూర్చోకండి. అయిదు లీటర్ల యంత్రం గంటకు మూడో వంతు యూనిట్ పైనే తీసుకుంటుంది. రోజుకు ఎనిమిది యూనిట్లు అవుతుంది. తుపాను కబురు వచ్చినప్పుడే ఆస్పత్రి ఉన్న ఊరికి చేర్చండి.

వాన నీళ్ళలో బ్యాటరీ మునిగిందనుకోండి. తమ్మిలేరు, రామిలేరు పక్క తోటల్లో ఇది జరగరానిదేమీ కాదు. నీళ్ళు తీశాక బాగానే ఉంది కదా అని తాళం తిప్పకూడదు, చార్జింగు పెట్టకూడదు. లిథియం బ్యాటరీలోకి దిగిన బురదనీరు కొన్ని రోజుల తర్వాత కూడా లోపల షార్టయి మంట పుట్టించవచ్చు. ట్రాక్టరును ఇంటికీ, గడ్డివాముకూ దూరంగా నెట్టించి కంపెనీ మనిషి వచ్చేదాకా అలాగే ఉంచండి. వర్షాకాలానికి ముందే షెడ్డులో మట్టి పోయించి ట్రాక్టరు నిలిపే చోటును రెండడుగులు ఎత్తు చేయించుకుంటే ఆ అవసరమే రాదు. రెండు ట్రక్కుల గ్రావెల్ చాలు.